జస్త కమీ అని రాసి వస్తే: సున్నపు రేగడిలో జింకు లోపం ఎలా సరిచేయాలి

మట్టి పరీక్ష కాయితం పట్టుకుని మా కాకా ఓ పొద్దున ఇంటికొచ్చాడు. "ఇండ్ల జాస్తి అని ఉందట, కమీ అని కూడా ఉందట. ఎక్కువా తక్కువా రెండూ ఒక్కపారి ఎట్లుంటయిరా?" అన్నాడు. కాయితం మరాఠీలో ఉంది. ఆయనకు మరాఠీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. దారిలో ఎవరితోనో చదివించుకుని వచ్చాడు. తీసి చూస్తే అక్కడున్నది "జాస్త" కాదు, "జస్త". జస్త అంటే జింకు. చేనులో జింకు తక్కువుందని ఆ కాయితం చెబుతోంది. కాకా మాత్రం "ఎక్కువ" అన్న మాటే పట్టుకుని, ఈ ఏడు అదనంగా ఏ ఎరువూ వేయొద్దని అప్పటికే తీర్మానించుకున్నాడు.

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల్లో మనవాళ్ళ సంగతి ఇట్లాగే ఉంటుంది. ఇంట్లో తెలుగు, కాయితం మీద మరాఠీ, ఎరువు సంచి మీద ఇంగ్లీషు. నిజామాబాద్ వైపు చుట్టాలు ఫోన్లో చెప్పే సలహాలేమో చాలాసార్లు వాళ్ళ చెల్కలకు (ఎర్ర ఇసుక నేలలకు) సరిపోయేవి. మనవి సున్నపు గడ్డలు కలిసిన నల్లరేగళ్ళు. మరాఠీవాళ్ళు చున్‌ఖడి అంటారే, ఆ నేలలు. ఇక్కడ జింకు లెక్క వేరు. కాకాకు ఆ రోజు చెప్పింది, ఆ తర్వాత మా చేన్లో తప్పులు చేసి నేర్చుకున్నది కలిపి వరసగా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క

ఎకరం చేనులో పైనున్న ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. కిలో మట్టిలో మొత్తం జింకు 50 మిల్లీగ్రాములు ఉందనుకున్నా, ఎకరానికి 45 కిలోల జింకు పడి ఉన్నట్టు. పది క్వింటాళ్ళ సోయా గింజలు మోసుకుపోయేది అందులో సుమారు 50 గ్రాములు. అంటే మన చేనులో జింకు లేక కాదు, పైరుకు అందక.

ఎందుకు అందదంటే సున్నం వల్ల. సున్నమున్న నేల పిహెచ్ (నేల పులుపో క్షారమో చెప్పే అంకె) సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. పిహెచ్ ఒక్క అంకె పెరిగితే మట్టి నీటిలో కరిగి ఉండే జింకు వందో వంతుకు పడిపోతుంది. దానికి తోడు సున్నపు రేణువులు జింకును తమ ఒంటికి అతికించుకుంటాయి. రేగడిలోని బంకమట్టి ఇంకొంత పట్టుకుంటుంది. ఏటా పోసే డీఏపీ భాస్వరం మరో దెబ్బ. భాస్వరం మితిమీరితే వేరు జింకును తీసుకోవడమూ తగ్గుతుంది, తీసుకున్నది ఆకుదాకా చేరడమూ తగ్గుతుంది. బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంటే ఆ నీళ్ళలోనూ సున్నం ఉన్నట్టే. తడి పెట్టిన ప్రతిసారీ చేనుకు మరికొంచెం చేరుతుంది.

ఈ లెక్క గుర్తుంటే కింద చెప్పే ప్రతి పనికీ కారణం తెలుస్తుంది. నేలను జింకుతో నింపాలని చూడకండి. వేరుకో, ఆకుకో అందించే దారి చూడండి.

మీ చేనులో సున్నం ఉందో లేదో తేల్చుకోండి

తెల్లటి గడ్డలు పైకి కనబడితే పరీక్షే అక్కరలేదు. కనబడకపోయినా ఉండొచ్చు. బాత్రూము కడిగే యాసిడ్ రెండు మూడు చుక్కలు చాలు. మట్టిపెళ్ళను ముందు నీళ్ళతో తడపండి. ఎండు మట్టి మీద ఏది పోసినా లోపలి గాలి బుడగలై పైకొస్తుంది, దాన్ని చూసి మోసపోతారు. తడిపాక యాసిడ్ చుక్క వేస్తే సుయ్యిమని నురగ పొంగాలి. చప్పుడు మాత్రమే వినిపించి నురగ కనబడకపోతే సున్నం కొద్దిగానే ఉంది. కుతకుతా పొంగితే బాగా ఉంది. చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. నిమ్మరసంతోనూ చేయొచ్చు గాని అది బలహీనం, సున్నం బాగా ఉన్నచోటే పొంగుతుంది.

ఒక్కచోట చూసి ఆపకండి. గట్టు పక్కన, చేను నడుమ, ఏటవాలు కొసన, జేసీబీతో చదును చేయించిన భాగంలో విడివిడిగా చూడండి. చదును చేసినప్పుడు పైమట్టి పక్కకు పోయి కింది సున్నపు పొర బయటపడుతుంది. చేనంతా బాగుండి ఆ ముక్కలోనే పైరు గిడసబారిందంటే సగం జవాబు దొరికినట్టే. నాగలి ఎప్పుడూ పోనంత లోతుకు ట్రాక్టరుతో దున్నించినా ఇదే జరుగుతుంది, కింది గడ్డలు పైకొస్తాయి.

చౌడుతో దీన్ని కలపొద్దు. పిహెచ్ 8.5 దాటి, వాన పడితే నీరు ఇంకక నిలిచిపోయి, ఎండితే నేల ఇనుములా బిగిస్తోందంటే అది సోడియం బాధ. దానికి జిప్సం, మురుగునీటి కాలువలు కావాలి. సున్నపు నేలకు జిప్సం పోస్తే సున్నం పోదు.

మట్టి తీసేటప్పుడు రేకు బకెట్ ముట్టకండి

దీన్ని ఎవరూ చెప్పరు. మామూలు మట్టి పరీక్షకు పారతో తవ్వి, రేకు తట్టలో వేసి, కలిపి పంపినా పెద్ద తేడా రాదు. జింకు చూడాలంటే మాత్రం అది చెల్లదు. మన ఇళ్ళలో ఉండే రేకు బకెట్లకు, తట్టలకు తుప్పు పట్టకుండా పూసేదే జింకు. మట్టిలో మనం వెతికేది కిలోకు ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువ. బకెట్ గీరుకున్న జింకే అంతకన్నా ఎక్కువవుతుంది. లోపమున్న చేనుకు "బాగుంది" అని కాయితం వస్తుంది. రబ్బరులో కూడా జింకు ఉంటుంది కనుక పాత టైరు ముక్కల మీద, రబ్బరు షీట్ల మీద ఆరబెట్టొద్దు.

ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. పారతో గుంట తవ్వినా ఫరవాలేదు, కాని పార తగిలిన మట్టిని కర్రతోనో వెదురుబద్దతోనో గీరి తీసేసి లోపలి మట్టినే పట్టండి. చేనులో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల, పైనున్న గడ్డీ గాదం తీసేసి, ఇంగ్లీషు వి అక్షరంలా ఆరంగుళాల గుంట తవ్వి, గోడ నుంచి పైనించి కిందిదాకా సమానమైన మందంతో ఒక పలక తీయండి. అన్నీ ప్లాస్టిక్ బకెట్లో కలిపి, శుభ్రమైన గుడ్డ మీద పరచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టండి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయొద్దు. ఎరువు వేసి నెల కూడా కాకపోతే ఆగండి. పైరు బాగున్న ముక్కది, గిడసబారిన ముక్కది రెండు సంచులుగా పంపితే కాయితానికి విలువ పెరుగుతుంది. రెండూ కలిపి ఒకటే పంపారా, సగటు వచ్చి ఏ ముక్కకూ పనికిరాదు.

ఇచ్చే చోట "జింకు కూడా చూస్తారా?" అని ముందే అడగండి. కొన్ని చోట్ల నత్రజని, భాస్వరం, పొటాష్ చూసి పంపేస్తారు. బిలోలి తాలూకా సగ్రోళిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పర్భణీలో వసంత్‌రావ్ నాయక్ మరాఠ్వాడా కృషి విద్యాపీఠ్ ఉంది. దగ్గర్లో ఎక్కడ కుదురుతుందో అక్కడ ఇవ్వొచ్చు. సర్కారు మట్టి ఆరోగ్య కార్డు మీ దగ్గర ఉంటే మంచిదే. 2015లో మొదలైన ఆ పథకంలో జింకుతో కలిపి 12 అంశాలు చూస్తారు. ఒక్క చిక్కు ఉంది. అందులో వానాధార భూముల్లో పది హెక్టార్లకు ఒకటి, తడి భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి తీశారు. మీ కార్డు మీద ఉన్నది పక్కవాడి చేను మట్టి కావచ్చు.

మరాఠీ కాయితం చదవడం

ఈ మాటలు ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. సామూ అంటే పిహెచ్. సేంద్రియ కర్బ అంటే సేంద్రియ కర్బనం, పెంట ఎరువు సత్తువ ఎంతుందో అదే చెబుతుంది. నత్ర నత్రజని, స్ఫురద భాస్వరం, పాలాశ పొటాష్. లోహ అంటే ఇనుము, తాంబే రాగి, మంగల్ మాంగనీసు. జస్త జింకు. ముక్త చునా అంటే మట్టిలో విడిగా ఉన్న సున్నం, దాన్ని శాతంలో ఇస్తారు. కమీ అంటే తక్కువ, జాస్త అంటే ఎక్కువ. కాకా తడబడ్డది ఇక్కడే.

జస్త పక్కన అంకె 0.6 కన్నా తక్కువుంటే లోపమని లెక్క. ఇది కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో, కాయితం మీద పీపీఎం అని ఉంటుంది. మట్టిని డీటీపీఏ అనే ద్రావణంలో రెండు గంటలు ఊపి, అందులోకి దిగిన జింకును కొలుస్తారు. లిండ్సే, నార్వెల్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1978లో ప్రకటించిన పద్ధతి ఇది. సున్నం కరిగిపోయి లెక్క తప్పకుండా ఆ ద్రావణాన్ని 7.3 పిహెచ్ దగ్గర నిలబెట్టి తయారు చేశారు. అంటే మనలాంటి నేలల కోసమే పుట్టిన పరీక్ష. దేశం మొత్తం మీద తీసిన మట్టి నమూనాల్లో మూడో వంతుకు పైగా జింకు లోపం తేలింది కనుక మీ కాయితంలో కమీ వస్తే కంగారు పడాల్సిందేమీ లేదు.

0.6 నుంచి 1 మధ్య వస్తే పైరును బట్టి నడుచుకోండి. మక్క (మొక్కజొన్న), వరి, మోసంబి (బత్తాయి) పైర్లకు జింకు ఆకలి ఎక్కువ, వాటికి వేయండి. సోయా, పత్తి, శనగకైతే ముందు నాలుగు సాళ్ళలో చూసుకుని వేయండి (ఎలా చూడాలో చివర్లో ఉంది). ముక్త చునా విషయంలో నా సొంత కొలత ఒకటుంది. 5 శాతం లోపైతే నేలకు వేసినా సరే. 10 దాటితే నేలకు వేసినదాని మీద ఆశ తగ్గించుకుని ఆకు మీద పిచికారీకి సిద్ధంగా ఉంటాను.

ఆకు ఏం చెబుతోంది

కాయితం ఒక్కటే చాలదు, పైరునూ చూడాలి. మన దగ్గర పసుపెక్కిన పైరును చూడగానే దుకాణదారు జింకు సంచి తీస్తాడు. చాలాసార్లు అది జింకు లోపం కాదు, ఇనుము లోపం. సున్నపు రేగడిలో రెండూ కలిసే తిరుగుతాయి.

ఇనుము తక్కువైతే కొసన ఉన్న లేత ఆకు మొత్తం పసుపెక్కుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా వలలా కనబడతాయి. మరీ ముదిరితే ఆకు తెల్లబడుతుంది. సోయాలో మృగశిర, ఆరుద్ర వానలకు చేను తడిసి ముద్దయినప్పుడు వచ్చి, నేల ఆరితే దానంతటదే తగ్గే పసుపు ఎక్కువగా ఇదే.

జింకు తక్కువైతే పసుపుతో పాటు మొక్క కురచబడుతుంది. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం తగ్గి ఆకులన్నీ కొసన గుత్తిలా చేరతాయి. ఆకు చిన్నదై, దళసరిగా, పెళుసుగా, కొద్దిగా కంచు రంగు తిరుగుతుంది. పత్తిలో మొక్క గుబురుగా కూర్చుండిపోతుంది. మోసంబి ఆకులు సన్నబడి, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడతాయి.

అన్నిటికన్నా తేలిగ్గా చదవగలిగేది మక్క. మొలిచిన రెండు మూడు వారాలకు, ఆకు మొదటి సగంలో, నడిమి ఈనెకు రెండు పక్కలా వెడల్పాటి తెల్లటి పట్టీలు వస్తాయి. ఈనె, అంచులు పచ్చగానే ఉంటాయి. ఇనుమైతే సన్నటి చారలు ఆకు మొదలు నుంచి కొసదాకా సాగుతాయి. అనుమానమున్న చేనులో ఓ మూలన నాలుగు సాళ్ళు మక్క పెట్టి చూడడం నాకు అలవాటు. మట్టి పరీక్ష కన్నా చవక, పైగా కంకులు దక్కుతాయి.

కింది ముదురాకులు ముందుగా, మచ్చ లేకుండా పసుపెక్కితే నత్రజని. అక్కడో మొక్క ఇక్కడో మొక్క ఆకుల మీద పసుపు పచ్చ పెళ్ళలు కలిసి ఉండి, ఆకు తిప్పితే తెల్లదోమ లేస్తే అది మొజాయిక్ తెగులు. దానికి జింకు కొట్టడం డబ్బు దండుగ.

సంచి కొనేటప్పుడు

జింక్ సల్ఫేట్ రెండు రకాలు. గళ్ళుప్పులా పలుకులుగా ఉండేదాంట్లో 21 శాతం జింకు. పొడిలా ఉండేదాంట్లో 33 శాతం. సంచి మీద ఈ అంకె చూసి కొనండి. ఎకరానికి పది కిలోల 21 శాతం సరుకు వేయాల్సిన చోట 33 శాతందైతే ఆరున్నర కిలోలు సరిపోతుంది. ధరను సంచి తూకంతో కాక, అందులోని జింకు తూకంతో భాగించి చూసుకోండి. చిలేటెడ్ జింక్ అని 12 శాతంది వస్తుంది, ఈడీటీఏ అనే పట్టుకొమ్మకు జింకును కట్టి అమ్ముతారు. సున్నం దాన్ని అంత తొందరగా లాక్కోలేదు, పిచికారీకీ డ్రిప్‌కీ బాగుంటుంది, ఖరీదెక్కువ. కరగని జింక్ ఆక్సైడ్ పొడిని మాత్రం మన నేలలో చల్లొద్దు. ఇంత పిహెచ్‌లో అది కరిగేలోపు పంట ఇంటికొస్తుంది.

కల్తీ ఎక్కువగా మెగ్నీషియం సల్ఫేట్‌తో జరుగుతుంది. కంటికి తేడా తెలియదు. ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. ఒక గాజు గ్లాసులో చెంచాడు డీఏపీ నీళ్ళలో కరిగించి, మడ్డి కిందికి దిగాక పైతేట వంచుకోండి. ఇంకో గ్లాసులో కొన్న జింకు కరిగించండి. రెండూ కలపండి. జింకు నిజమైతే తెల్లటి చిక్కటి గడ్డలు విరిగిన పాలలా పేరుకుంటాయి. మెగ్నీషియం సల్ఫేటైతే అట్లా గడ్డకట్టదు.

ఆ గ్లాసును అట్లాగే ఇంట్లోవాళ్ళందరికీ చూపించండి. డీఏపీతో కలిపి జింకు చల్లితే ఏమవుతుందో కళ్ళ ముందే కనబడుతుంది. ఆ తెల్లగడ్డ జింక్ ఫాస్ఫేట్, నీళ్ళలో కరగదు. నేను ఈ సంగతి తెలియక రెండు ఖరీఫ్‌లు డీఏపీ, జింకు ఒకే తట్టలో కలిపి చల్లాను. దుకాణంలో అడిగితే "కలిపేయండి, కూలి మిగులుతుంది" అన్నారు. కూలి మిగిలిన మాట నిజమే. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్‌లకు, జింకుకు మధ్య రెండు మూడు రోజుల ఎడం ఉంచండి. పురుగుమందుతోనూ ఒకే పంపులో కలపకండి.

నేలకు వేయడం

విత్తే ముందు, ఆఖరి గుంటకకు వేయాలి. పైన చల్లి వదిలేస్తే సున్నపు నేలలో జింకు అంగుళం కిందికి కూడా దిగదు. వేరు ఉండే లోతులో మట్టిలో కలవాలి. మోతాదు ఎకరానికి 10 కిలోలు, సున్నం బాగా ఉంటే 20 కిలోల దాకా (21 శాతంది).

అంతకన్నా ముఖ్యమైంది దాన్ని పెంటలో మాగబెట్టడం. సున్నపు నేలల్లో ఈ ఒక్క పనితో అదే పది కిలోలకు ఎక్కువ ఫలితం రాబట్టొచ్చు. బాగా చివికిన పెంట ఒక వంద నుంచి రెండు వందల కిలోలు నీడలో పరచండి. పచ్చి పెంట వద్దు. పది కిలోల జింకును పొరపొరకూ చల్లుతూ కలపండి. పిడికిట పడితే ముద్దయి, వదిలితే విరిగేంత తడి ఉంచండి. గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు వదిలేయండి, నడుమ ఒకసారి తిరగేయండి. పెంటలోని సేంద్రియ ఆమ్లాలు జింకును పట్టుకుని ఉంటాయి. చేనులో పడ్డాక సున్నం లాక్కునేలోపు వేరు వచ్చి అందుకుంటుంది. దుకాణంలో చిలేటెడ్ అని అమ్మేదానికి ఇది మన పెరటి చుట్టం.

ఆ ఎరువును చల్లి వెంటనే గుంటక తోలండి. విత్తే సాలులోనే పోసుకోగలిగితే ఇంకా మేలు, మట్టితో రాపిడి తగ్గి సున్నానికి చిక్కేది తగ్గుతుంది. పెంట దొరకనప్పుడు కనీసం నలభై యాభై కిలోల మెత్తటి పొడి మట్టితో కలిపి చల్లండి. పది కిలోల పలుకులు ఎకరమంతా సమంగా పడాలంటే ఏదో ఒకటి తోడు కావాలి.

ఏటా వేయొద్దు. ఒకసారి వేసింది రెండు మూడు పంటలకు ఎంతో కొంత అందుతుంది. ప్రతి ఏడూ పోస్తే ఇనుము, రాగి అందకుండా అది అడ్డుపడుతుంది, ఒక లోపాన్ని తీర్చబోయి ఇంకోదాన్ని కొని తెచ్చుకున్నట్టవుతుంది.

నిలబడ్డ పైరుకు పిచికారీ

పైరు మీద లక్షణాలు కనబడ్డాక నేలకు వేసి ఎదురుచూడటం దండగ. ఆకుకు కొట్టాలి.

లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేట్ (21 శాతంది), రెండున్నర గ్రాముల తడిసున్నం. పదిహేను లీటర్ల పంపుకు 75 గ్రాములు, 38 గ్రాములు. ఎకరానికి రెండు వందల లీటర్ల నీళ్ళైతే కిలో జింకు, అర కిలో సున్నం. సున్నం వల్లే ఇంత బాధంటూ మళ్ళీ సున్నమా అని మా కాకా కూడా అడిగాడు. జింక్ సల్ఫేట్ నీళ్ళు కాస్త పులుపు, ఒట్టిగా కొడితే లేత ఆకు మాడుతుంది. ఆ పులుపు విరవడానికే సున్నం. జింకును ఒక బకెట్లో, సున్నాన్ని ఇంకో బకెట్లో కరిగించి, సున్నపు తేటను గుడ్డతో వడకట్టి, జింకు నీళ్ళలోకి మెల్లగా పోస్తూ కలపండి. వడకట్టకపోతే నాజిల్ పూడుకుని పొద్దంతా దాన్ని ఊదుతూ కూర్చోవాలి. సున్నం గొడవ వద్దనుకుంటే చిలేటెడ్ జింక్ లీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము.

ఎండ తగ్గాక సాయంత్రం కొట్టండి. పది పన్నెండు రోజులకు మరోసారి. పాత ఆకు మళ్ళీ పచ్చబడుతుందని చూడకండి, కొత్తగా వచ్చే ఆకును చూడండి. ఇనుము లోపమని తేలితే ఇదే తీరున అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ఒక గ్రాము. నీళ్ళు తేటగా ఉండగానే, కలిపిన వెంటనే కొట్టేయాలి. తుప్పు రంగు తిరిగితే పారబోయండి.

వరి వేసేవాళ్ళకు కొంచెం వేరు. ఊడ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో కింది ఆకుల మీద తుప్పు మచ్చలు పడి, లేత ఆకు మొదట్లో నడిమి ఈనె పాలిపోయి, దుబ్బు కట్టక మడి ఎగుడుదిగుడుగా కనబడుతుంది. 1966 దాకా మన దేశంలో దీన్ని ఏదో తెగులనే అనుకున్నారు. కాచు రంగును బట్టి ఖైరా అన్నారు. పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే అది జింకు లోపమని తేల్చాడు. మడిలో నీళ్ళు తీసేసి రెండు మూడు రోజులు ఆరనివ్వండి, నిలవ నీళ్ళలో జింకు ఇంకా బిగుసుకుంటుంది. లీటరుకు 2 గ్రాముల చొప్పున ఐదేసి రోజులకు రెండు మూడు సార్లు కొట్టండి. యూరియాలో కొంత తగ్గించి అమ్మోనియం సల్ఫేట్ వాడితే వేరు చుట్టూ పిహెచ్ కాస్త దిగుతుంది.

సున్నం విరిచే మందు అని వస్తే

ఊళ్ళలో ఈ మధ్య సీసాలు తిరుగుతున్నాయి, లీటరు పోస్తే చేనులో సున్నం కరిగిపోతుందని. ముందు చెప్పిన 9 లక్షల కిలోల మట్టిలో సున్నం ఒక్క శాతమే ఉన్నా ఎకరానికి 9 టన్నులు. దాన్ని గంధకంతో విరవాలంటే దాదాపు 29 క్వింటాళ్ళ గంధకం కావాలి. మన చేన్లలో పది శాతం ఉండటం వింత కాదు. అమ్మవచ్చినవాడిని ఈ లెక్క అడిగి చూడండి. సున్నం పోదు, దానితోనే కాపురం. ఏటా పెంట, ఖాళీ ఉన్నప్పుడు జనుమో జీలుగో వేసి కలియదున్నడం, డీఏపీ చేయి తగ్గించడం. ఇంతకు మించి నేలకు చేయగలిగింది లేదు.

నాలుగు సాళ్ళ పరీక్ష

ఎకరమంతా కొట్టే ముందు నాలుగు సాళ్ళకు జింకు కొట్టండి. పక్క నాలుగు సాళ్ళకు అన్నభేది. ఆ పక్క నాలుగు ఊరికే వదలండి. మూడిటి కొసలకూ కర్రలు పాతి, గుడ్డపేలికలు కట్టి, తేదీ రాసుకోండి. ఎనిమిది పది రోజులకు వచ్చిన కొత్త ఆకులు చూస్తే ఏ సాలు ఏం అడిగిందో తెలుస్తుంది.

కాకా చేనులో కాయితం జస్త కమీ అంది కదా. పసుపెక్కిన సోయాలో మేము ఈ పరీక్ష పెట్టాం. జింకు సాళ్ళు వదిలేసిన సాళ్ళలాగే ఉన్నాయి. పచ్చబడింది అన్నభేది సాళ్ళు. ఆ పసుపు ఇనుముది, దానికి జింకు పోసి ఉంటే డబ్బు పోయేది. కొన్న జింకు సంచిని అట్లాగే దాచి, రబీలో పెంటలో మాగబెట్టి, అదే చేనులో మక్కకు వేశాడు. తెల్లపట్టీలు వేయని మూలలోనే కనబడ్డాయి. ఆ మూలకు పెంట సరిపోలేదు.